ఒక్క సీసా నీళ్లు పట్టుకుని ఎందుకు ఎగురుతున్నాం?

పోస్టు పెద్దది, కొంచెం ఓపిక చేసుకుని చదవండి. కొందరికి కోపం వస్తుంది. వచ్చినా పర్లేదు, చదివినాక తిట్టండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు ల్యాబ్ రిపోర్టు ఫొటో పెట్టాడు. వాళ్ల గూడెం దగ్గరి వాగు నీళ్లు కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకుని, బస్సులో పట్నం తీసుకెళ్లి, సొంత డబ్బులు కట్టి పరీక్ష చేయించాడు. ఒక లోహం ఎక్కువగా ఉందని వచ్చింది. "రుజువు దొరికింది" అని అందరం షేర్ చేశాం, నేను కూడా. నాలుగు రోజులకు ఆఫీసువాళ్ల రిపోర్టు వచ్చింది, "అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయి" అని. ఇక మనోళ్లు వాళ్లది అబద్ధం అంటారు, వాళ్లు మనది తప్పు అంటారు. కామెంట్లలో "రెండు రిపోర్టులూ పనికిరావు" అని నేను రాస్తే, "నువ్వు ఆఫీసువాళ్ల మనిషివైపోయినవా అన్నా?" అని అడిగారు. ఈ పోస్టు దానికి జవాబు.

ముందు ఆ తమ్ముడి కష్టానికి దండం పెడుతున్నా. ఆయన చేసింది మనలో ఎవరూ చేయలేదు. కానీ ఎదుటి పక్షం ఆ రిపోర్టును రెండు నిమిషాల్లో చించి పారేయగలదు. సీసా శుభ్రమైనది కాదు. లోహాల పరీక్షకు నీళ్లు పట్టిన వెంటనే కొంచెం నైట్రిక్ యాసిడ్ కలపాలి, లేకపోతే కొన్ని లోహాలు సీసా గోడకు అంటుకుపోయి అంకె తగ్గుతుంది. వాగు నీళ్లలో బురద ఉంటే వడగట్టారా లేదా అన్నదాన్ని బట్టి అంకె ఎక్కడికో పోతుంది. ఏ చోట, ఏ రోజు, ఏ గంటకు పట్టారో రాసి లేదు. ఇవన్నీ వాళ్ల వకీలు అడుగుతాడు. మరి ఆఫీసువాళ్ల రిపోర్టు? సీసా శుభ్రంగానే ఉండి ఉంటుంది, యాసిడ్ కూడా కలిపి ఉంటారు, ల్యాబుకు గుర్తింపు కూడా ఉంటుంది. అయినా అది అంతకంటే పెద్ద అబద్ధం చెప్పగలదు. ఎలాగో మా ఊరి ముచ్చటతో చెబుతా.

మా గూడేనికి ఎగువన ఒక కంపెనీ చాలా ఏళ్లు నడిచి మూతపడింది. పేరు రాయను. దాని బూడిద, మడ్డి అంతా వాగు గట్టు మీదే పోసి పోయారు. అర్జీల మీద అర్జీలు పెడితే ఒకరోజు జీపు వచ్చింది. బడి దగ్గర ఆగింది. బడి బోరు కొట్టి ఒక సీసా పట్టుకున్నారు. బడి మిట్ట మీద ఉంటుంది. బోరు మూడొందల అడుగుల లోతు. మడ్డి కుప్ప దానికి దిగువన, అరకిలోమీటరు దూరంలో. మా పెద్దమ్మ అక్కడే నిలబడి అడిగింది: "సారూ, ఆ బోరు నీళ్లు బడి పిల్లలు తాగుతరు. ఎండకాలం మేం చెలమ తోడుకుని తాగుతం, గొడ్లు వాగుల తాగుతయి. మా నీళ్లు తీస్కపోరా?" ఆ సారు నవ్వి, "అమ్మా, భూమిలో నీళ్లన్నీ ఒక్కటే" అన్నాడు. రిపోర్టు వచ్చింది, అంతా బాగానే ఉందని. ఆ కాగితం ఇప్పటికీ మా అర్జీలన్నిటికీ జవాబుగా తిరుగుతోంది.

ల్యాబులో మిషను అబద్ధం చెప్పలేదు. ఆ బోరులో నీళ్లు నిజంగానే మంచివి కావచ్చు. మోసమంతా జీపు ఎక్కడ ఆగిందన్న దాంట్లో ఉంది. ఎమ్మెస్సీలో నాకు రెండేళ్లు మిషన్ల గురించి చెప్పారు, ఎన్ని దశాంశాల వరకు ఖచ్చితంగా కొలవచ్చో చెప్పారు. జీపు ఎక్కడ ఆపాలో ఒక్క క్లాసులో కూడా చెప్పలేదు. దాని గురించి నేను సొంతంగా చదువుకున్నదే ఇక్కడ రాస్తున్నా.

పేలుడు మందులతో చెడిపోయిన ఒక స్థలంలో అమెరికా సైన్యానికి చెందిన పరిశోధకులు 1990లలో ఒక చిన్న పని చేశారు. నాలుగు అడుగుల వెడల్పున్న వలయం గీసి, అందులోనే ఏడు చోట్ల మట్టి తీశారు. మన ఇంటి ముందు ముగ్గు అంత జాగా, అంతే. ఒకచోట టీఎన్‌టీ వందల పీపీఎంలలో ఉంది, రెండు అడుగుల అవతల నలభై వేల దగ్గర ఉంది. అదే మట్టిని అక్కడికక్కడే చవక కిట్టుతో కొలిచారు, ల్యాబులో ఖరీదైన మిషనుతోనూ కొలిచారు. కిట్టుకు, మిషనుకు మధ్య తేడా కొంచెమే. చోటుకు, చోటుకు మధ్య తేడా మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత. అంటే మనకు తెలియనిది ఎక్కువగా మట్టిలోనే ఉంది, మిషనులో కాదు. అయినా డబ్బంతా మిషనుకే పోస్తాం. ఒక్క ఖరీదైన శాంపిల్ తీసి, దానికి మూడు దశాంశాలు రాసి, సీలు వేసి, పది ఎకరాలకు తీర్పు చెబుతాం.

ఇది గమనించి, 2001 ప్రాంతంలో అమెరికా పర్యావరణ సంస్థ ఇపిఏలో పనిచేసిన డియానా క్రంబ్లింగ్, ఆమెతో పాటు మరికొందరు ఒక పద్ధతిని ముందుకు తెచ్చారు. దాన్ని ట్రయాడ్ అంటారు. మూడు కాళ్ల పీట అనుకోండి. ఒకటి, సీసా ముట్టుకోకముందే అందరూ కూర్చుని ప్లాన్ వేయడం. రెండు, పొలంలో కనబడిన దాన్ని బట్టి ప్లాన్ అక్కడే మార్చుకునే వీలు పెట్టుకోవడం. మూడు, అక్కడికక్కడే కొలిచే చవక పరికరాలతో ఎక్కువ చోట్ల చూసి, అనుమానం ఉన్నచోట మాత్రం ల్యాబుకు పంపడం. మన చదువుల్లో మూడోదాన్ని కొంచెం చెబుతారు. మొదటిది ఎవరూ చెప్పరు, ఎందుకంటే అందులో జనం కూడా కూర్చోవాలి.

ఆ కూర్చున్నప్పుడు మొదటి ప్రశ్న "ఎన్ని శాంపిళ్లు?" అని ఉండకూడదు. "ఈ అంకె వచ్చినాక ఏం చేస్తారు?" అని ఉండాలి. ఇంత కంటే ఎక్కువ వస్తే మట్టి ఎత్తుతారా, కంచె వేస్తారా, ట్యాంకరు పంపుతారా? ఎవరు, ఎన్ని రోజుల్లో? అది ముందే కాగితం మీద రాయాలి. మా ఊళ్లో ఆ సీసాలో ఎంత వచ్చినా ఏం జరిగేదో ఎవరికీ తెలియదు. ఏ నిర్ణయానికీ కట్టని శాంపిల్ అది. తీసినట్టు చూపించడానికి తీశారు, అంతే.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. తప్పు జరిగితే ఎటు జరగాలి? ఎంత జాగ్రత్తగా తీసినా రెండు రకాల తప్పులు ఉంటాయి. చెడిన నేలను బాగుందనడం, బాగున్న నేలను చెడిందనడం. రెండోదానితో కంపెనీకి డబ్బు దండగ. మొదటిదానితో మా పిల్లల కిడ్నీలు పోతాయి. ఈ రెండింటినీ ఒకే తూకంలో వేసేవాణ్ణి నేను నమ్మను. రేడియోధార్మిక స్థలాల కోసం అమెరికాలో 1997లో వచ్చిన మార్సిమ్ అనే మార్గదర్శకంలో లెక్క మొదలయ్యేదే "ఈ స్థలం ఇంకా చెడే ఉంది" అనే ఊహతో. బాగుందని అనేవాడు డేటాతో దాన్ని పడగొట్టాలి. డేటా చాలకపోతే స్థలం చెడినట్టే లెక్క. మన దగ్గర తలకిందులు. బాగుందని మొదలుపెడతారు, చెడిందని మనం రుజువు చేయాలి, అదీ కూల్‌డ్రింక్ సీసాతో.

ఇక్కడే నా మీద వచ్చే పెద్ద అభ్యంతరం నాకు తెలుసు. "అన్నా, నువ్వు ప్లాన్, ప్లాన్ అంటూ కూర్చుంటే అప్పటికి జనం చస్తరు. ఇంకా డేటా కావాలి అని వాయిదా వేయడానికి ఆఫీసుకు నువ్వే మాట అందిస్తున్నవ్" అని ఒక అక్క రాసింది. నిజమే, "ఇంకా అధ్యయనం అవసరం" అనే మాటతో ఎన్ని ఊళ్లను చంపారో లెక్క లేదు. కానీ అక్కా, అన్ని నిర్ణయాలకూ ఒకే తూకం డేటా అక్కర్లేదు. "ఈ చెలమ నీళ్లు ప్రస్తుతానికి తాగకండి, ట్యాంకరు వస్తుంది" అనడానికి ఆ తమ్ముడి సీసా చాలు. తప్పయినా పోయేది ట్యాంకరు కిరాయి. "ఈ నేల బాగైంది, ఇళ్లు కట్టుకోండి, మేకలు మేపుకోండి, కేసు మూసేస్తున్నాం" అనడానికి మాత్రం వంద సీసాలు ఉన్నా ఎక్కడెక్కడివని అడగాలి. మనం దీన్ని తిరగేసి చేస్తున్నాం. ట్యాంకరు కోసం ఏళ్ల తరబడి రుజువులు అడిగించుకుంటున్నాం, కేసు మూయడానికి ఒక్క సీసాకు తల ఊపుతున్నాం.

ఇదంతా పుస్తకం మాట అనుకునేవాళ్లకు నవాహోల సంగతి చెబుతా. అమెరికా నైరుతిలో ఉండే ఆదివాసీలు వాళ్లు, తమను దినే అని పిలుచుకుంటారు. వాళ్ల నేల మీద 1944 నుంచి 1986 వరకు దాదాపు 3 కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వారు. గనులు మూసి పోయినాక వదిలేసిన గుంతలు 500కు పైనే. వాళ్ల భాషలో యురేనియంను లీట్సో అంటారు, పసుపు మట్టి అని. 1979 జూలై 16న చర్చ్‌రాక్ దగ్గర మిల్లు వ్యర్థాల కట్ట తెగింది. 1,100 టన్నుల వ్యర్థం, దాదాపు 35 కోట్ల లీటర్ల ఆమ్లపు నీళ్లు ప్యూర్కో నదిలోకి పోయాయి. అదే ఏడాది మార్చిలో జరిగిన త్రీ మైల్ ఐలాండ్ ప్రమాదం ప్రపంచమంతా తెలుసు. ఇక్కడ కూడా రేడియోధార్మికత బయటపడింది, కానీ గొర్రెలు మేపుకునేవాళ్ల నది కాబట్టి పేపర్లకు పట్టలేదు. ఇది మనకు కొత్త కథ కాదు కదా.

నేను ఆగింది ఆ తర్వాతి లెక్కల దగ్గర. యురేనియం మిల్లు స్థలాల శుద్ధికి అమెరికాలో ఒక నియమం ఉంది: పై 15 సెంటీమీటర్ల మట్టిలో రేడియం-226, సహజంగా ఉండేదాని మీద గ్రాముకు 5 పికోక్యూరీలు దాటకూడదు. మనం చదివేది ఇంతవరకే. నియమంలో ఇంకో ముక్క ఉంది. ఆ 5 అనేది 100 చదరపు మీటర్ల మీద సగటు. పది మీటర్లు, పది మీటర్ల జాగా. అందులో రెండు మీటర్లు, రెండు మీటర్ల ముక్కలో 80 ఉందనుకోండి, మిగతాదంతా శుభ్రమే అనుకోండి. సగటు 3.2. పాసైంది! ఆ ముక్క మీద తిరిగి మేసి పోయే గొర్రెకు ఈ సగటు న్యాయమే కావచ్చు, అది రోజంతా కొండలు తిరుగుతుంది. అదే ముక్క మీద ఒక గుడిసె ఉంటే, ఆ గుడిసె గడపలో పిల్లవాడు రోజూ కూర్చుని మట్టి నోట్లో పెట్టుకుంటే, ఆ సగటుతో వాడికి ఏం పని? అందుకే ఎంత అన్న అంకెతో పాటు ఎంత జాగా మీద అన్నది కూడా జనమే అడగాలి. ఆ జాగాలో ఎవరు ఎట్లా బతుకుతున్నారో తెలియనివాడు ఆ గీత గీయలేడు.

సహజంగా ఉండేదాని మీద అన్నారు కదా, అది ఇంకో గోతి. యురేనియం ఉన్న కొండల్లో తవ్వకముందే నేలలో కొంత ఉంటుంది. మరి ఆ సహజం ఎంత? గని పక్కనే కొలిస్తే ఎక్కువ వస్తుంది, దూరంగా కొలిస్తే తక్కువ వస్తుంది. ఆ పోలిక చోటును ఎవరు ఎంచుకుంటే శుద్ధి ఎంత చేయాలన్నది వాళ్ల చేతిలోకి పోతుంది. తవ్వకముందు ఎవరూ కొలిచి పెట్టలేదు కాబట్టి, తవ్వినాక ఏది సహజం, ఏది గని అన్నది వాదులాటగా మిగిలింది. ఇంకోటి కూడా చూడండి. కొందరు నవాహోలు గని రాళ్లు మంచివని తెచ్చి ఇళ్ల గోడలకు, నేలకు వాడుకున్నారు. గని చుట్టూ గడులు గీసి శాంపిళ్లు తీసుకుంటూ పోతే ఆ ఇళ్లు ఎన్నటికీ దొరకవు, మైళ్ల అవతల ఉంటాయి. ఏ రాయి ఎక్కడి నుంచి వచ్చిందో ఇల్లు కట్టిన ముసలాయనకే తెలుసు. శాంపిలింగ్ పుస్తకాల్లో దీన్ని స్థలం నమూనా చిత్రం అంటారు, అంటే విషం ఎక్కడ పుట్టి, ఏ దారిన, ఎవరి ఒంట్లోకి పోతుందో గీసిన బొమ్మ. బొమ్మ తప్పయితే మిషను ఎంత మంచిదైనా తప్పే కొలుస్తుంది. నవాహోలకు ఇప్పుడు సొంత పర్యావరణ సంస్థ ఉంది. 2005లో వాళ్ల నేల మీద యురేనియం తవ్వకాన్నే నిషేధిస్తూ చట్టం చేసుకున్నారు. ఆ చట్టం నాకు ఇష్టమే, కానీ పాత గుంతల మట్టి దానితో కదలదు. దానికి ఇంకా కొలతల కొట్లాట నడుస్తూనే ఉంది.

ఇప్పుడు నల్లమల అన్నలకు, ముఖ్యంగా మన్ననూరు, అమ్రాబాద్ వైపు చెంచు తమ్ముళ్లకు ఒక మాట. 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ టైగర్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. జనం లేచారు, మనమంతా లేచాం. సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. గెలిచాం అని ఇంటికి వచ్చాం. అప్పటి నుంచి ఆ పెంటల దగ్గరి చెలమలు, ఊటలు, వాగుల్లో యురేనియం సహజంగా ఎంత ఉందో, వేసవిలో ఎంత, వానల తర్వాత ఎంత అని మనం కొలిచి పెట్టుకున్నామా? నేను అడిగినంతలో లేదు. "తవ్వకమే వద్దంటుంటే కొలతలెందుకు? కొలిస్తే ఖనిజం ఉందని మనమే చూపించినట్టు కాదా?" అని ఒకాయన వాదించాడు. ఖనిజం ఎక్కడుందో వాళ్లకు మనకంటే బాగా తెలుసన్నా, అందుకే కదా వస్తామన్నది. మన నీళ్లు ఇవాళ ఎట్లున్నాయో మాత్రం ఎవరి దగ్గరా లేదు. రేపు ఇంకో ప్రభుత్వం, ఇంకో తీర్మానం, బోర్లు దిగాయనుకోండి. ఒక చెలమలో లీటరుకు 45 మైక్రోగ్రాములు వచ్చిందనుకోండి, ఊరికే ఉదాహరణకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 30 ప్రకారం ఎక్కువ. మన అణుశక్తి నియంత్రణ మండలి చెప్పిన 60 ప్రకారం బాగానే ఉంది. పైగా "ఇది మొదటి నుంచీ ఇంతే, కొండ గుణం" అంటారు. అప్పుడు మనం ఏ కాగితం చూపిస్తాం? అసెంబ్లీ తీర్మానం చూపిస్తామా?

మనం శాస్త్రవేత్తలం కాదు, మనకు డబ్బుల్లేవు అంటారు. సగం నిజం. యురేనియంను వెయ్యి రూపాయల మీటరు కనిపెట్టదు, అది ల్యాబుకే పోవాలి, శుభ్రమైన సీసా, యాసిడ్, చీటీ, అన్నీ పద్ధతిగా ఉండాలి. కానీ ఏ ఇరవై సీసాలు పంపాలో తేల్చడానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. నీళ్లలో కరిగిన లవణాలు చూసే చిన్న మీటరు మన పీజీ హాస్టల్ పిల్లలు చందా వేసుకుంటే వస్తుంది. దానితో వాగు పొడుగునా వంద చోట్ల చూసి, అంకె ఒక్కసారి దూకిన చోట ఆగి, ఆ చుట్టుపక్కల ఇంకో పది చోట్ల చూసి, అక్కడ సీసా పట్టొచ్చు. మట్టి అయితే ఒక్కచోట తవ్వకుండా, ఒక జాగా అనుకుని అందులో ముప్పై, నలభై చోట్ల చిటికెడు చొప్పున తీసి కలిపి, అట్లా మూడుసార్లు వేరువేరుగా చేసి పంపితే, ల్యాబు ఖర్చు మూడు శాంపిళ్లదే. మూడు అంకెలు దగ్గర దగ్గర వస్తే ఆ సగటును నమ్మొచ్చు. ఎడంగా వస్తే మనకు ఇంకా తెలియదని తెలుస్తుంది, అదీ లాభమే. గడప ముందు, చెలమ గట్టు లాంటి చోట్లకు మాత్రం ఇట్లా కలపకుండా వేరుగా తీయాలి, పైన చెప్పిన 80 కథ గుర్తుంది కదా.

ఇంకో పని కూడా ఉంది, దీనికి పైసా ఖర్చు లేదు. ఈసారి జీపు వచ్చినప్పుడు "టెస్టు చేయండి" అని అర్జీ పెట్టకండి. దయచేసి ఆ మాట మానేయండి, ఆ మాటకు వాళ్ల దగ్గర ఎప్పుడూ ఒక సీసా సిద్ధంగా ఉంటుంది. మీ శాంపిలింగ్ ప్లాన్ గ్రామసభలో పెట్టండి అని అడగండి. ఏ చోట్లు, ఎందుకు ఆ చోట్లు, ఏ నెలలో, ఏ అంకె దాటితే ఏం చేస్తారు, పోలికకు ఏ చోటు తీసుకుంటున్నారు, మా పెద్దమనుషులను అడిగారా అని. చట్టంలో ఈ మాట ఇట్లా రాసి లేదు, నాకు తెలుసు. అడగొద్దని కూడా రాసి లేదు. మన సీసా మన దగ్గరే ఇంకోటి పట్టి పెట్టుకోవాలి, అదే చోట, అదే నిమిషంలో, రెండు వైపులా సంతకంతో.

మా ఊళ్లో నేను మొదలుపెట్టా. పోయిన సెలవులకు పెద్దమ్మను కూర్చోబెట్టి కాగితం మీద వాగు గీశా. ఏ ఏడు వరదకు మడ్డి కొట్టుకుపోయి ఎవరి చేలో పడిందో, ఏ చెలమ నీళ్లు ఎండాకాలం చివర్లో పులుపెక్కుతాయో, గొడ్లు ఏ మడుగు దగ్గర మూతి పెట్టకుండా పక్కకు పోతాయో అన్నీ చెప్పింది. మధ్యలో నన్ను తిట్టింది కూడా, "ఇన్నేళ్లు సదివి ఇప్పుడా అడుగుడు" అని. ఇప్పటికి ఆ కాగితం మీద పదకొండు చెలమలు ఉన్నాయి. ఆఫీసు రిపోర్టులో ఉన్నది ఒక్క బడి బోరు.

దసరా సెలవుల్లో ఆ పదకొండు దగ్గరా మొదటి విడత కొలుస్తాం, ఎండాకాలం చివర్లో మళ్లీ అవే. కెమిస్ట్రీ చదివే ఇద్దరు, నడవగలిగే ఆరుగురు కావాలి. నల్లమల వైపు ఎవరైనా ఇదే పని చేయాలనుకుంటే నా దగ్గరున్న చీటీ నమూనా పంపిస్తా. కింద కామెంట్లో మీ గూడెం పేరు, మీ వాళ్లు ఎండాకాలం నీళ్లు తోడే చెలమ పేరు రాయండి. "సూపర్ అన్నా" అని మాత్రం రాయకండి.